ఎడమ అద్దంలో లైటు

నవంబర్ 3, సోమవారం

షాపులో గిరాకీ లేదు. ఫోన్‌లో టైపు చేసుకుంటున్నాను. తెలుగులో రాసుకుంటే నిశ్చింత. మా అమ్మాయి మేఘనకి తెలుగు మాట్లాడటం వచ్చు, చదవటం రాదు, ఈ హిందీ ఊళ్ళో పుట్టిన పిల్ల. ప్రసూన నా ఫోన్ ముట్టుకోదు, నిండా కుక్కర్ల ఫొటోలే అని.

పొద్దున్న దుర్గ్ వెళ్ళి కళ్ళ డాక్టరుకి చూపించుకున్నాను. ప్రసూనతో బ్యాంకు పని అని చెప్పాను. ఒక మెషీన్‌లో తల పెట్టించి, చుక్క వెలిగినప్పుడల్లా బటన్ నొక్కమన్నారు. మొదట బాగానే నొక్కాను. తర్వాత చాలాసేపు ఏమీ వెలగలేదు. మెషీన్ ఆగిపోయిందేమో అని పక్కనున్న అమ్మాయిని అడిగితే, "చల్ రహా హై అంకుల్, ఆప్ దేఖియే" అంది. నడుస్తూనే ఉందట. అక్కణ్ణించి అందాజుగా నొక్కాను.

గ్లకోమా అట. ఎడమ కన్ను బాగా దెబ్బతింది, కుడిది కొంత, ఎడమ పక్కన ఉన్నవి ఇక కనబడవు. పోయిన చూపు రాదు, రోజూ చుక్కలు వేసుకుంటే ఉన్నది నిలబడుతుంది. "ఇక బండి తోలొద్దు. స్కూటరు కూడా" అన్నాడు డాక్టరు.

నొప్పి లేదు, మంట లేదు. ఎదురుగా ఉన్నది చీమతో సహా కనబడుతుంది. ఇది రోగమంటే ఎలా నమ్మటం?

ప్రతి గురువారం వ్యాన్‌లో రాయపూర్ వెళ్తాను. నాలుగు దుకాణాలు తిరిగి, బేరమాడి, సరుకు ఎక్కించుకుని వస్తాను. దారిలో పాటలు. ఆ ఒక్కరోజే నేను వ్యాపారస్తుణ్ణి. మిగతా రోజులు పవర్ హౌస్ మార్కెట్లో కౌంటర్ వెనక కూర్చుని మిక్సీలు అమ్మే ముసలాణ్ణి. స్టీరింగ్ లాగేసుకుంటే నాకిక మిగిలేది ఆ కౌంటరే.

ప్రసూనకి ఆదివారం చెబుతాను. చుక్కల సీసా షాపు డ్రాయర్లో పెట్టాను.

నవంబర్ 5, బుధవారం

ప్రసూన మాట్లాడటం లేదు. నిన్న వ్యాన్‌లో ఇంటికి వస్తూ కమలాపండు వలిచి, నా పక్క సీట్లోంచి తొన చాపిందట. సివిక్ సెంటర్ దాకా చెయ్యి అలాగే పట్టుకుని కూర్చుందట. నేను చూడలేదన్నాను.

"పక్కనే ఉన్న మనిషి కనబడలేదేటి?" అంది.

నవంబర్ 8, శనివారం

కొత్త బండి చూడటానికి షోరూమ్‌కి వెళ్ళాం. వ్యాన్ పాతబడింది, ఇక మార్చాలి. ప్రసూనతో అదే చెప్పాను, అది నిజమే కూడా.

గేటు దగ్గర వ్యాన్ కాగితాల మీద నా తెలుగు పేరు చూసి లోపలికి కబురు పెట్టారు. రెండు నిమిషాల్లో తెలుగు కుర్రాడు ప్రత్యక్షం. పేరు ఉమేష్, రుఆబాంధాలో ఉంటాడు, వాళ్ళ తాతది విజయనగరం. "అంకుల్, మనది ఒకటే ఇలాకా!" అన్నాడు. వాడెప్పుడూ విజయనగరం చూడలేదు. అయినా నా మనసు కరిగింది. మలయాళీ గిరాకీ వస్తే నేనూ కొబ్బరికోరే మెషీన్ తీసి "మీ వైపు దీనికే డిమాండు" అంటాను.

చల్లటి నీళ్ళు, టీ, బిస్కట్లు. పక్కన ఒక కుటుంబానికి కారు అప్పగిస్తున్నారు. దాని మీద ఎర్రటి సిల్కు గుడ్డ, ముందు కేకు, అట్టతో చేసిన పెద్ద తాళంచెవి. ఆ ఇంటాయన గుడ్డ లాగగానే షోరూమ్‌లో పనివాళ్ళంతా చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

బండి పేరు తరోనా. పళ్ళ పేస్టు పేరులా ఉంది.

"ఇది కార్ నహీ అంకుల్, ఎస్‌యూవీ భీ నహీ. కాంపాక్ట్ క్రాసోవర్" అన్నాడు ఉమేష్.

"అంటే ఇడ్లీ కాదు, దోసె కాదు, ఊతప్పం" అంది ప్రసూన. మూడ్రోజుల తర్వాత అదే మొదటి మాట, అదీ వాడితో.

ముందు టాప్ మోడల్‌లోనే కూర్చోబెట్టాడు. నేనూ అంతే, ఐదు జార్ల మిక్సీ చూపించాకే మూడు జార్లది తీస్తాను. ఒకసారి ఐదు చూసినవాడికి మూడు చిన్నగా కనబడతాయి. అన్నీ తెలిసే కూర్చున్నాను.

నా లెక్కలో బండి ఇలా ఉంది. సీటు మన నడుమంత ఎత్తులో ఉంది, ఎక్కటానికి వంగక్కర్లేదు, దిగటానికి మోకాలు పట్టుకోనక్కర్లేదు. తలుపు వేస్తే గోద్రెజ్ బీరువా శబ్దం. కానీ లోపల కింది భాగంలో ప్లాస్టిక్ పలచన, వేలితో కొడితే టిఫిన్ డబ్బా మూతలా మోగింది. డిక్కీ లోతుంది కానీ అంచు ఎత్తు, కుక్కర్ల పెట్టెలు ఎత్తి లోపలికి దించాలి, నడుం పోతుంది. వెనక సీటు మడిస్తే సరుకు పడుతుంది. ఏసీ బటన్లు కూడా తెరలోనే ఉన్నాయి, అది నచ్చలేదు. కొత్త బండి వాసన బాగుంది.

తర్వాత ఉమేష్ ఒక బటన్ నొక్కాడు. తెర మీద బండి పైనుంచి కనబడింది, చుట్టూ నేల, నాలుగు వైపులా. ఎడమ తలుపు పక్కన నిలబడిన ఇంకో సేల్స్‌మన్ బూట్లు కూడా కనబడ్డాయి. లేసు ఊడి ఉంది. ఎడమ పక్కన ఎవరైనా వస్తే అద్దంలో ఆరెంజ్ లైటు వెలుగుతుందట, బీప్ అంటుందట, ఎవరైనా అడ్డమొస్తే బండే బ్రేకు వేసుకుంటుందట.

"ఆంఖ్ బంద్ చేసినా బండి చూసుకుంటది అంకుల్!"

కళ్ళు మూసుకున్నా సరేనట. ఆ మాట వాడు రోజుకి ఎంతమందితో అంటాడో. నాకు మాత్రం నాకోసమే అన్నట్టుంది.

ప్రసూన వైపు తిరిగి, "ఆంటీ, మీకు కలర్ ఏది పసంద్?" అన్నాడు.

"నన్ను రంగుకేనేటి పిలిచేవు? మైలేజీ ఆయనకి, రంగు నాకా?"

వాడు నవ్వి ఆమెకి ఇంకో టీ తెప్పించాడు.

నవంబర్ 9, ఆదివారం

ప్రసూనకి చెబుదామనుకున్నాను. తలంటుకుని పడుకుంది, లేపటమెందుకని ఊరుకున్నాను.

డాక్టరు బండి తోలకపోతే మంచిదన్నాడు. ఏ బండి అనేది అనలేదు. ఆయన మనసులో మా వ్యాన్ లాంటిదే ఉండి ఉంటుంది. ఇలాంటివి వచ్చాయని డాక్టర్లకేం తెలుస్తుంది?

నవంబర్ 12, బుధవారం

ఉమేష్ షాపుకే వచ్చాడు. ఊరికే రాలేదు, వాళ్ళమ్మకి ఒక కుక్కర్ కొన్నాడు. ఇది కూడా పద్ధతే, మన దగ్గర బోణీ చేసినవాడికి మనం కాదనలేం.

"అంకుల్, వైట్ టాప్ మోడల్ ఒకటే ఉంది. రాజ్‌నాంద్‌గావ్ పార్టీ చూస్కోని ఎల్లింది. మంత్ ఎండ్ దాకా అయితే యాక్సెసరీస్ నేను మాటాడతా."

రాజ్‌నాంద్‌గావ్ పార్టీ లేదు. ఉండదు. సాయంత్రం నేను ఒకావిడతో "ఈ రంగు గ్రైండర్ ఇదొక్కటే ఉందమ్మా, సెక్టార్ సిక్స్ వాళ్ళు పక్కన పెట్టమన్నారు" అన్నాను. వెనక గదిలో ఆ రంగువి బోలెడున్నాయి.

ఇంతా తెలిసి, ఆ తెల్లబండి పోతుందేమోనని గుబులుగా ఉంది.

నవంబర్ 13, గురువారం

రాయపూర్ వెళ్ళొచ్చాను. ఏమీ కాలేదు.

డాక్టరు జాగ్రత్తగా చూసుకుని తోలమన్నాడు. చూసుకునే తోలాను.

నవంబర్ 15, శనివారం

టెస్ట్ డ్రైవ్ అయింది. బండి బాగుంది. బ్రేకులు చాలా బాగున్నాయి.

నవంబర్ 16, ఆదివారం

నిన్న సరిగ్గా రాయలేదు.

ఉమేష్ ముందే రూటు చెప్పాడు. స్టీల్ ప్లాంటు క్వార్టర్లున్న సెక్టార్ల లోపలి రోడ్లలో ఒక చుట్టు, వెనక్కి షోరూమ్. షోరూమ్‌వాళ్ళ తెలివి అది. వెడల్పు రోడ్లు, గుంటలుండవు, చెట్ల నీడ, అక్కడ ఏ బండైనా వెన్నలా పోతుంది. నాకూ అదే కావలసింది. సెక్టార్ రోడ్లు నాకు కంఠస్థం. మా నాన్న ప్లాంటులో చేరినప్పటి నుంచీ ఆ రోడ్ల మీదే సైకిలు తొక్కాను, స్కూటరు నేర్చుకున్నాను. ఏ మలుపులో ఏ చెట్టు బయటికి వంగి ఉందో, ఎక్కడ స్పీడ్ బ్రేకర్ అరిగిందో తెలుసు. చూడక్కర్లేదు.

ఉమేష్ నా పక్కన, ప్రసూన వెనక. మొదటి రౌండ్ అంతా రాజాలా తోలాను. "మక్ఖన్ అంకుల్, మక్ఖన్!" అన్నాడు, వెన్న అని. స్టీరింగ్ ఒక వేలికి తిరుగుతుంది. ఎక్కడా ఊగదు. ఇంజన్ ఉందో లేదో తెలియదు.

రెండో రౌండ్ నేనే అడిగాను. అప్పుడే ప్లాంటులో షిఫ్టు వదిలారు. మనుషులు, సైకిళ్ళు, మోపెడ్లు. రోడ్డు కంఠస్థమే కానీ మనుషులు కాదు కదా. బండి బీప్ బీప్ అని మొదలుపెట్టింది. ఏదో ఉందని చెబుతోంది, ఏముందో చెప్పటం లేదు. లైటు ఎక్కడ వెలుగుతుంది? ఎడమ అద్దంలో. దాన్ని చూడాలంటే తల పూర్తిగా అటు తిప్పాలి. తిప్పితే ముందు రోడ్డు పోతుంది. తెర చూస్తే రెండూ పోతాయి.

ఎడమకి మలుపు తిప్పుతున్నాను. బండి ఒక్క కుదుపుతో దానంతటదే ఆగిపోయింది. ప్రసూన తల నా సీటుకి కొట్టుకుంది.

బానెట్‌కి జానెడు దూరంలో ఒకావిడ, సైకిలు. ఒక కాలు నేల మీద. హ్యాండిల్‌కి టిఫిను. ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలీదు. నాకు సంబంధించినంతవరకు ఆమె గాల్లోంచి ఊడిపడింది.

"దిఖతా నై క్యా?" అని అరిచింది, కళ్ళు కనబడవా అని. బానెట్ మీద అరచేత్తో ఒక్కటి చరిచి వెళ్ళిపోయింది.

ఉమేష్ చప్పట్లు కొట్టాడు. నిజంగా! "దేఖా అంకుల్! బండి తనే ఆపింది! ఇదే ఫీచర్, వేరే ఏ బండిలో ఈ రేట్‌కి రాదు. నేను చెప్తే కస్టమర్లు నమ్మరు. మీకు లైవ్ డెమో అయిపోయింది!"

నేనూ నవ్వాను.

ఇంటికొచ్చాక ప్రసూన అడిగింది. "ఆవిడ అంతసేపట్నుంచి పక్కనే తొక్కుతోంది కదండీ. నాకు వెనక సీట్లోంచి కనబడింది. మీకెందుకు కనబడలేదు?"

"ఎండ కళ్ళలో కొట్టింది."

"ఎండ మన వీపు మీదుంది."

నేను టీవీ పెట్టాను.

నవంబర్ 18, మంగళవారం

బుక్ చేసేశాను. టాప్ మోడల్, తెలుపు. ఆ ఫీచర్ లేకపోతే ఆ రోజు ఏమయ్యేది? అందుకే అది ఉన్న బండి ఉండాలి.

తోలొద్దని ఎవరూ అనలేదు.

నవంబర్ 20, గురువారం

రాయపూర్ వెళ్ళలేదు.

పొద్దున్నే సింహాచలమ్మగారు ఆటోలో మిక్సీ పెట్టెతో సహా దిగింది. రైల్వే క్వార్టర్స్ ఆవిడ, మా అమ్మ ఉన్నప్పటి నుంచీ ఖాతాదారు. చేతివేళ్ళ కీళ్ళు వాచి వంకర తిరిగాయి. పోయిన నెల ఆవిడకి పిండి కలిపే జారున్న మిక్సీ అమ్మాను. టాప్ మోడల్. ఆవిడ అడిగింది మామూలుది.

"ఇది నువ్వే ఉంచీసుకో నాయినా" అంది.

"ఏటయ్యింది పిన్నీ, తిరగట్లేదా?"

"తిరుగుద్ది. బాగానే తిరుగుద్ది. ఈ మూత బిగించాలంటే కావాల చెయ్యి. విప్పాలన్నా కావాల. చెయ్యి బాగుంటే పిండి నేనే కలిపీదాన్ని కదా? పక్కింటి పిల్ల స్కూల్నించి వచ్చీదాకా అలా జార్లో ఉంచీసి కూకుంటన్నాను." కోపం లేదు. నవ్వుతూనే చెబుతోంది. "ఇంక చెయ్యి పెట్టక్కర్నేదు పిన్నీ అన్నావు కదా, నమ్మీసేను."

ఆ మాట నేనే అన్నాను. ప్రతి గిరాకీకీ అంటాను.

తెరిచిన పెట్టె వెనక్కి తీసుకోబడదని షాపులో బోర్డు ఉంది. తీసుకున్నాను. మామూలు మిక్సీ ఇచ్చి, మూత ఊరికే పైన పెట్టి నొక్కితే సరిపోయేది చూసి, ఆవిడ చేతే ఇక్కడే పెట్టించి తీయించి పంపాను. ఇన్నేళ్ళలో ఎవరి చేతా అలా పెట్టించి చూడలేదు.

ఆవిడ వెళ్ళాక మధ్యాహ్నం దాకా ఏమీ తోచలేదు. ఫోన్‌లో పైకి జరిపి మొదటి రోజుది చదివాను. ఇక బండి తోలొద్దు, స్కూటరు కూడా. డాక్టరు అన్నది అదే. తర్వాత రాసినవన్నీ నేను అన్నవి.

సాయంత్రం షటర్ తొందరగా దించి, వ్యాన్ అక్కడే వదిలేసి, ఆటోలో ఇంటికి వెళ్ళాను.

"ఒక మాట చెప్పాలి" అన్నాను.

"బండి బుక్ చేసీసేరని కదా? ఆ ఉమేష్ ఫోన్ చేసేడు. కంగ్రాచులేషన్స్ ఆంటీ అని. నేనేదో నెగ్గినట్టు."

"అది కాదు. నాకు ఎడమ పక్కన కనబడట్నేదు. డాక్టరు తోలొద్దన్నాడు."

ఉల్లిపాయలు తరుగుతున్నది ఆపింది. లేచి నా ఎడమ పక్కకి వెళ్ళింది. ఏం చేస్తోందో తెలియలేదు.

"ఎన్ని వేళ్ళు?"

"ఎక్కడున్నావు?"

ఎదురుగా వచ్చి కూర్చుంది.

"అయితే ఆవేళ కమలాపండు..."

"చూడనేదు."

"ఆ సైకిలావిణ్ణి?"

"చూడనేదు."

"పోయిన గురువారం రాయపూర్?"

"ఎల్లేను."

"ఏం మనిషండీ మీరు!" అని అరిచింది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. "నేనేటి అనుకున్నానో తెలుసా? ఇన్నేళ్ళయ్యేక ఈయనకి నా మొహం చూడ్డం విసుగేసిందనుకున్నాను. అద్దంలో చూసుకున్నాను కూడా. జుట్టుకి రంగేద్దునా అని. కళ్ళు పోయినియ్ అని చెప్పడానికి ఏటండీ మీకు?"

"చెప్తే తాళాలు తీసీసుకుంటావని."

"తీసీసుకుంటాను."

నా జేబులోంచి తాళాలు తీసుకెళ్ళి బియ్యం డబ్బాలో పడేసి మూత పెట్టింది. తర్వాత చుక్కల సీసా ఎక్కడుందని అడిగింది. షాపు డ్రాయర్లో అన్నాను. చెప్పులేసుకుని ఆటో ఎక్కి వెళ్ళి తెచ్చింది. వంటింట్లో కుర్చీ వేసి తల వెనక్కి వంచమంది. నేను వేసుకుంటే సగం బుగ్గ మీద పడేవి. ఆమె వేస్తే ఒక్కటే, సూటిగా పడింది.

నవంబర్ 22, శనివారం

బుకింగ్ రద్దు చేయటానికి ఇద్దరం వెళ్ళాం. ఆటోలో.

ఉమేష్ మొహం వాడిపోయింది. నెలాఖరు, టార్గెట్లో ఒక బండి తగ్గింది. పాపం, పైకి వెళ్ళి మేనేజరుని తీసుకొచ్చాడు, మేనేజరు ఫ్లోర్ మ్యాట్లు ఉచితమన్నాడు, తర్వాత సీటు కవర్లన్నాడు. అప్పుడు నేను కారణం చెప్పాను. మేనేజరు సారీ సర్ అని వెళ్ళిపోయాడు. ఉమేష్ మాత్రం కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు.

"తో క్యా హువా అంకుల్? ఆంటీ నేర్చుకుంటారు! ఆటోమేటిక్ ఉంది, క్లచ్ టెన్షన్ నహీ. మా దగ్గర లేడీస్‌కి ట్రైనింగ్ ఫ్రీ."

నేనూ ప్రసూన వైపు చూశాను. నిజం చెప్పాలంటే ఆశ పుట్టింది.

"ఏటి బాబూ, ఆయనకి చూపు నేదని నాకు స్టీరింగ్ అమ్ముతావా?" అంది. "నాకిష్టం నేదు. చిన్నప్పుడే నేదు, ఇప్పుడేటి కొత్తగా? రంగు అడిగినప్పుడు అడగాల్సింది ఇది."

వాడు సిగ్గుపడ్డాడు. టోకెన్ డబ్బు వెనక్కి ఇప్పించే కాగితం వాడే నింపాడు. లేస్తుంటే మాత్రం, "అంకుల్, కొత్తది తీసుకోకపోతే పర్వాలేదు. పాత వ్యాన్ మాకు ఇచ్చెయ్యండి. మేము సెకండ్ హ్యాండ్ కూడా చూస్తాం" అన్నాడు. ఈ కుర్రాడు పైకొస్తాడు.

నవంబర్ 25, మంగళవారం

రాయపూర్‌లో దుకాణాలవాళ్ళకి ఫోన్ చేసి సరుకు టెంపోలో పంపమన్నాను. పంపారు. మూడు కుక్కర్ల హ్యాండిళ్ళు తప్పు రంగువి. నేను వెళ్ళుంటే చూసుకునేవాణ్ణి.

నవంబర్ 27, గురువారం

వ్యాన్ ఇచ్చేశాను.

ఉమేష్ పొద్దున్నే షాపు దగ్గరికి వచ్చాడు. చేతిలో పలక లాంటి ఫోను, బండి చుట్టూ తిరుగుతూ ఫొటోలు తీయాలి, దాన్నిబట్టి ఆఫీసు రేటు చెబుతుందట. ముందు ఇంజన్ చూశాడు, బాగుందన్నాడు. టైర్లు చూశాడు. కుడి పక్కంతా ఫొటోలు తీసి, "రైట్ సైడ్ ఏ-వన్ అంకుల్, షోరూమ్ పీస్" అన్నాడు.

నేను బియ్యప్పిండి అంటిన తాళాలు పట్టుకుని డ్రైవరు తలుపు దగ్గర నిలబడ్డాను. వాడికి అర్థమైంది.

"అంకుల్, ఇచ్చేసే ముందు లాస్ట్ ఒక రౌండ్ కొట్టండి. సెక్టార్ లోపల. నేను పక్కన కూర్చుంటా. ఎవరికీ చెప్పను."

పొద్దున్నపూట. రోడ్లు ఖాళీగా ఉంటాయి. పైగా గురువారం. తలుపు తీసి ఒక కాలు లోపల పెట్టాను.

"ఒక్క మినిట్, ఎడమ పక్క ఫొటో తీసేస్తా" అని వాడు అటు వెళ్ళాడు. వెళ్ళినవాడు మాట్లాడటం లేదు. ఉమేష్ మాట్లాడకుండా ఉండటం నేనెప్పుడూ వినలేదు.

కాలు దించి చుట్టూ తిరిగి వెళ్ళాను. సరుకు నేను వెనక డోర్ నుంచి దించుతాను, ఎక్కటం కుడి పక్క. గోడవారకి పెట్టే బండి. ఎడమ పక్కకి నేను వచ్చి ఎన్నాళ్ళయిందో.

ముందు బంపర్ దగ్గర నుంచి వెనక దాకా గీతలు. పొడుగువి, పొట్టివి. హ్యాండిల్ కింద ఒక సొట్ట.

"మార్కెట్లో పార్కింగ్‌లో గీసేరు అనుకున్నాన్నేను. మీకు తెలుసు కదా అని ఊరుకున్నాను" అంది ప్రసూన. నాతోపాటు షాపుకి వచ్చింది, టీ తెచ్చి వెనకే నిలబడి ఉంది.

చేత్తో తడిమి చూశాను. కొన్ని తుప్పు పట్టాయి, అంటే పాతవి. డాక్టరు దగ్గరికి వెళ్ళటానికి చాలా ముందువి. ఒకటి వెనక చక్రం పైన, మోకాలంత ఎత్తులో, ఎర్రగా ఉంది. మా వ్యాన్ తెల్లది. ఆ ఎరుపు వేరే ఎవరిదో, అంటుకుని వచ్చింది.

"రౌండ్ వద్దు బాబూ. నువ్వు తీసుకెళ్ళిపో" అన్నాను.

రేటు గురించి వాడేదో చెప్పబోయాడు. సరే అన్నాను. తాళాలిచ్చాను. వాడు మెల్లగా, ఇండికేటర్ వేసి, రెండు పక్కలా చూసుకుని రోడ్డెక్కించాడు.

సాయంత్రం నుంచీ గుర్తు చేసుకుంటున్నాను. ఎర్ర సైకిలో, మోపెడో. సెక్టార్లోనో, రాయపూర్ దారిలోనో. ఎవరూ అరిచినట్టు గుర్తు లేదు.

అరిచినా వినుండను. బండిలో ఎప్పుడూ పాటలు పెట్టుకునేవాణ్ణి.